గుర్తు తెలియని గొంతు

గురువారం పొద్దున హెడ్ కానిస్టేబులు తన యూనిఫారం చొక్కా తానే ఇస్త్రీ చేసుకున్నారు. పదకొండింటికి లైబ్రరీ మేడమీది గదిలో, పోలీసుల మీద ఫిర్యాదులు వినే పౌర పర్యవేక్షణ సంఘం ముందు హాజరు కావాలి. పదకొండున్నరకల్లా అది అయిపోతుంది. అక్కణ్ణుంచి వెళ్ళి రెండు సమన్లు ఇచ్చేస్తే సాయంత్రం నాలుగింటికి ఇంట్లో ఉండవచ్చు. ఆ రోజుకు ఆయన వేసుకున్న ప్లాను అంతే.

స్టేషనులో ఆయన్ని అందరూ అండీగారు అంటారు. దొంగ వెంటపడి కూడా "నెమ్మదండీ, మెట్లున్నాయి, పడతారు" అని కేక వేసే మనిషి. ఒకసారి లాకప్‌లో ఉన్నవాడు "మీరు నన్ను మీరు అనకండి సార్, నాకేదోలా ఉంది" అని బతిమాలుకున్నాడు. అలాంటి అండీగారి మీద ఫిర్యాదు వచ్చింది.

"ఏమని?" అంది భార్య, కాలరు మడత సరిచేస్తూ.

"బెదిరించానట. గడియారాలు బాగుచేసే పెద్దాయన్ని. నేను."

"బెదిరించారా?"

"నువ్వు కూడా అడుగుతావేంటి ఆ మాట?"

భార్య చొక్కా మీద లేని దుమ్ము దులిపింది.

ఛాతీకి తగిలించుకునే కెమెరాలు ఆ స్టేషనుకు వచ్చి అప్పటికి పదకొండు రోజులు. అవి రావడానికి రెండేళ్ళ వాదన పట్టింది. సంఘం అధ్యక్షురాలు హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైనావిడ, అందరికీ పెద్ద టీచరమ్మ. "కెమెరా పెడితే మావాళ్ళు పని చెయ్యలేరు మేడమ్" అని ఇన్‌స్పెక్టరు అంటే, "కెమెరా ముందు చెయ్యలేని పనులేవో ఒక లిస్టు రాసివ్వండి, ముందు వాటిని మానిపిద్దాం" అన్నది ఆవిడే. దాన్ని ఎప్పుడు ఆన్ చెయ్యాలి, ఆపే అధికారం ఎవరిది, రికార్డు ఎవరి దగ్గరుండాలి, ఒక్కో ప్రశ్న నెలల తరబడి నలిగింది. చివరికి కెమెరాలు వచ్చిన రోజున తగిలించుకుంటానని ముందుగా చెయ్యెత్తింది అండీగారు. తన దగ్గర దాచుకోవలసింది ఏమీ లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకంలో అబద్ధం ఇసుమంత కూడా లేదు.

లైబ్రరీ మేడమీద పెద్ద టీచరమ్మ, ఆవిడ పక్కన సంఘం సభ్యుడైన మందుల షాపాయన, ఎదురుగా ఇన్‌స్పెక్టరు కూర్చున్నారు. రికార్డులు చూసే కెమెరాల అమ్మాయి కంప్యూటరు తెరిచింది. ఒక మూల కుర్చీ అంచు మీద గడియారాల పెద్దాయన. ఫుట్‌పాత్ మీదికి వచ్చిన అద్దాల బీరువాను లోపలికి జరుపుకోమని చెప్పడానికి అండీగారు ఆయన షాపుకు వెళ్ళారు. ఆ మర్నాటి నుంచి పెద్దాయన షాపు తెరవలేదు.

"వారం రోజులుగా ఎందుకు తెరవలేదండీ?" పెద్ద టీచరమ్మ అడిగింది.

"భయమమ్మా" అన్నాడాయన.

"వీడియో చూస్తే పోతుంది కదా" అన్నారు అండీగారు, ఆయన కోసమే బాధపడుతూ.

తెర మీద ఇరుకైన షాపు కనిపించింది. నాలుగు గోడలకీ గడియారాలు. పెద్దాయన కంటికి చిన్న అద్దం బిగించుకుని, తల వంచుకుని ఏదో పళ్ళచక్రం తిప్పుతున్నాడు. "నమస్కారమండీ, ఈ బీరువా కాస్త లోపలికి జరుపుకోవాలండీ" అంటోంది అండీగారి గొంతు, గంట కొట్టినట్టు స్పష్టంగా. "ఆదివారం చూస్తాలే" అన్నాడు పెద్దాయన తలెత్తకుండా. "ఇది మూడోసారండీ చెప్పడం." "ఆదివారం." ఇంతవరకూ చూసి ఇన్‌స్పెక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు.

తర్వాత మాటల్లేవు. గడియారాలు మాత్రం టిక్కు టిక్కుమంటున్నాయి. ఆ చప్పుడు అడుగునుంచి ఇంకేదో లేచింది. కెమెరాల అమ్మాయి సౌండు పెంచింది. ఎవరో ఊపిరి బరువుగా తీస్తున్నారు. ఆ ఊపిరిలోంచి అంకెలు వచ్చాయి. "మూడు… నాలుగు… అయిదు…" గొంతు తడి లేకుండా, నేల కిందనుంచి వస్తున్నట్టుంది. ఏడు దగ్గర ఆగింది. ఆ తర్వాత మెల్లిగా, ముద్దు చేస్తున్నట్టు అంది. "ఈ అద్దాలన్నీ భళ్ళుమంటే గానీ నీకు టైం తెలీదురా ముసలోడా."

తెర మీద పెద్దాయన చేతిలోని పళ్ళచక్రం జారి కింద పడింది. గదిలో మందుల షాపాయన లేచి, తెరిచి ఉన్న తలుపు వైపు చూసి, మళ్ళీ కూర్చున్నాడు.

"ఇదే" అన్నాడు పెద్దాయన. "ఈ గొంతే. తలెత్తి చూస్తే ఈయనొక్కడే ఉన్నాడు. నవ్వుతూ ఉన్నాడు."

అండీగారి ముఖంలో నెత్తురు లేదు. "ఇది నేను కాదండి. నేనసలు… అమ్మా, ఇది నేను కాదు."

ఆయన నటించడం లేదని చూసినవాళ్ళెవరికైనా తెలుస్తుంది. పెద్ద టీచరమ్మ ముప్పై ఏళ్ళు అబద్ధాలాడే పిల్లల కళ్ళలోకి చూసిన మనిషి, ఆవిడకూ తెలిసింది. తెలిశాక ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

"మావాడికి 'రా' అనడమే రాదు మేడమ్" అన్నాడు ఇన్‌స్పెక్టరు, కుర్చీ ముందుకు లాక్కుని. "షాపులో మూడో మనిషి ఉన్నాడు. మనకి కనపడలేదు, అంతే."

"ఆ షాపులో ఇద్దరు నిలబడితే మూడోవాడికి చోటు లేదు బాబూ" అన్నాడు పెద్దాయన.

పదకొండు రోజుల రికార్డూ మొదటినుంచీ వినాలనీ, వచ్చే గురువారం మళ్ళీ కలవాలనీ పెద్ద టీచరమ్మ రాయించింది.

శనివారం మధ్యాహ్నానికి కెమెరాల అమ్మాయి కుర్చీని గోడకి ఆనించుకుని కూర్చుని పనిచేయడం మొదలుపెట్టింది. వీపు వెనక ఖాళీ ఉంటే ఆమెకు వినబుద్ధి కావడం లేదు. గొంతు ఇరవై మూడు చోట్ల దొరికింది. బ్యాంకు క్యూలో దొరికింది. "వీడు… ఈ నీలం చొక్కావాడు…" అని ఆగిపోయింది. పార్కులో పిల్లలు బంతి ఆడుతున్న చోట దొరికింది. "ఒకటి… రెండు…" ఆసుపత్రిలో అండీగారు నాలుగో అంతస్తుకు ఎక్కుతుంటే ఊపిరి వెంట ఊపిరిగా వెనకాలే ఎక్కింది. "ఇన్ని మెట్లు… ఒక రోజు… ఈ మెట్ల మీదే…" అంది.

"ఆయన ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్తోంది సార్" అని ఆమె ఇన్‌స్పెక్టరుతో చెప్పింది. "మనిషి మాత్రం ఒక్క ఫ్రేములో కూడా లేడు."

"ఇంకెక్కడ?"

ఆ అమ్మాయి కాస్త తటపటాయించి ఇంకో ముక్క వినిపించింది. ఇన్‌స్పెక్టరు గది. తలుపు వేసి ఉంది. కుర్చీలో ఇన్‌స్పెక్టరు, డ్యూటీ చార్టు గురించి ఇరవై నిమిషాలుగా చెబుతున్నాడు. పైన ఫ్యాను కరకరమంటోంది. ఆ కరకరలోంచి గొంతు తీరిగ్గా అంది. "వీడికి బుద్ధి రాదు."

ఇన్‌స్పెక్టరు ఆ ముక్క మూడుసార్లు విన్నాడు. ఆ సాయంత్రం ఆయన గదిలో బీరువాలు జరిపించి వెనక చూశారు. సీలింగుకు కొట్టిన అట్టలు విప్పించారు. వెంటిలేటరుకు మేకులు దిగాయి. పోలీసు అధికారుల్ని నీడలా వెంటాడుతున్నందుకు గుర్తు తెలియని వ్యక్తి మీద కేసు కట్టారు. గొంతును బట్టి బొమ్మ వేయమంటే బొమ్మలు గీసేవాడు రెండు గంటలు విని, బోడిగుండు, మెడ మీద గాటు ఉన్న ముఖం గీసిచ్చాడు. అది గోడకి అంటించాక స్టేషనులో ఎవరూ దానికి వీపు పెట్టి కూర్చోలేదు. అండీగారి రక్షణకి తుపాకులతో ఇద్దరు కానిస్టేబుళ్ళను ఇంటి దగ్గర పెట్టారు.

అందరికన్నా భయపడ్డది అండీగారే. వీధిలో నడుస్తూ ఉన్నట్టుండి వెనక్కి తిరిగేవారు. ఎవరూ ఉండేవారు కారు. కానీ ఆయనకి ఊపిరి వినిపించేది. ఆగితే అదీ కాసేపటికి ఆగేది. బస్టాండులో ఒక బోడిగుండాయన్ని నలభై నిమిషాలు కూర్చోబెట్టి, "కాస్త పది అంకెలు లెక్కపెట్టండి, వింటాను" అని అడిగారు. ఆయన లెక్కపెట్టాడు. మంచి గొంతు. వదిలేశారు.

మంగళవారం మధ్యాహ్నం పన్నెండింటికి ఆయన ధైర్యం కూడగట్టుకుని, పెద్దాయన దగ్గర తాళంచెవి తీసుకుని గడియారాల షాపు తెరిచారు. వెంట వచ్చిన కానిస్టేబులు గుమ్మం బయటే నిలబడిపోయాడు. కీ ఇచ్చేవాళ్ళు లేక గడియారాలన్నీ ఆగి ఉన్నాయి. ఒకటి రెండుంపావు దగ్గర, ఒకటి ఏడు దగ్గర. ఎక్కడో వెనక ఒక్కటి మాత్రం ఇంకా నడుస్తోంది. అద్దాల తలుపుల్లో ఆయన పదిమందై కనిపించారు. పది బొమ్మల్లోనూ ఛాతీ మీద ఎర్ర దీపం వెలుగుతోంది.

"లోపల ఎవరండీ?" అన్నారు. "ఎవరైనా ఉంటే బయటికి రండి."

జవాబు లేదు. రెండు నిమిషాలు నిలబడి, తాళం వేసి వచ్చేశారు. తనకేమీ వినిపించలేదని చెప్పారు. కెమెరాల అమ్మాయి రికార్డు పెట్టింది. "బయటికి రండి" అన్న మాట తర్వాత టిక్కు టిక్కు. ఆ తర్వాత ఆ గొంతు, ఎన్నడూ లేనంత దిగులుగా అంది. "నేనొక్కణ్ణే… నేనొక్కణ్ణే ఉన్నా."

చెవుల మీదినుంచి హెడ్‌ఫోను తీసేసి అండీగారు మంచినీళ్ళు అడిగారు.

గురువారం సంఘం మళ్ళీ కూర్చుంది. గదిలోకి వచ్చే పోలీసులు కెమెరా ఆన్‌లో పెట్టుకునే రావాలన్నది సంఘం నియమం కనక అండీగారి ఛాతీ మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. ఆయన చిక్కిపోయి ఉన్నారు. ఇన్‌స్పెక్టరు నాలుగు పేజీల రిపోర్టు చదివాడు. బెదిరించింది గుర్తు తెలియని వ్యక్తి. హెడ్ కానిస్టేబులుకు సంబంధం లేదు. ఫిర్యాదు కొట్టెయ్యాలి.

"మరి నా షాపు?" అన్నాడు పెద్దాయన.

"వాడు దొరికేదాకా మీరు తెరవకపోవడమే మంచిది తాతగారూ."

"వాడు దొరక్కపోతే?"

ఇన్‌స్పెక్టరు పేజీ తిప్పాడు.

మందుల షాపాయన గొంతు సవరించుకున్నాడు. వారం రోజులుగా ఆయన షాపులో నిద్రమాత్రలు తెగ అమ్ముడుపోతున్నాయి; ఆయనే రెండు వేసుకుంటున్నాడు. "నాకొకటి తోస్తోంది టీచరమ్మా. కెమెరాలు రాకముందు ఈ గొంతు లేదు. వచ్చాకే ఉంది. తీసేస్తే పోతుందేమో."

"నేనూ అదే మనవి చేద్దామనుకుంటున్నాను" అన్నాడు ఇన్‌స్పెక్టరు చాలా వినయంగా. "మా సిబ్బంది ప్రాణాలకే ముప్పు."

పెద్ద టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. రెండేళ్ళు పోట్లాడి తెచ్చుకున్నవి మూడు వారాలు నిండకుండానే పోతున్నాయి. దయ్యాన్ని నమ్మే మనిషి కాదావిడ; కానీ విన్నది విన్నదే. ఓటు పెడితే మందుల షాపాయన చెయ్యి ఎటు లేస్తుందో తెలుస్తూనే ఉంది. తన చెయ్యి లేస్తుందో లేదో మాత్రం తెలియడం లేదు.

అప్పుడు గుమ్మంలో అండీగారి భార్య కనిపించింది. చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది.

"ఇక్కడ పోలీసుల మీద ఫిర్యాదులు తీసుకుంటారటగా" అందామె. "తుపాకులు పట్టుకుని ఇద్దరు అయిదు రోజులుగా మా వంటింట్లో కూర్చున్నారు. నేను స్నానానికి వెళ్ళినా గుమ్మం దగ్గరే నిలబడతారు. అడిగితే మీ రక్షణకే అంటారు. ఎవరి నుంచో చెప్పరు."

"నువ్విప్పుడెందుకు వచ్చావండీ" అన్నారు అండీగారు, కంగారులో ఏ మాటకి ఏది తగిలించాలో తెలియక.

"ఎవరి నుంచో మీరే వినండమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు. కెమెరాల అమ్మాయికి సైగ చేశాడు.

గదిలో మళ్ళీ గడియారాలు టిక్కుమన్నాయి. ఊపిరి. అంకెలు. ఏడు. అద్దాలు భళ్ళుమనడం. మందుల షాపాయన చెవులు మూసుకున్నాడు. భార్య ఆఖరిదాకా నిలబడి విని, ఇంకా ఏమైనా ఉందేమోనని కాసేపు ఆగింది.

"అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

"మరి ఎవరి నుంచి రక్షణ? ఇది ఈయనేగా."

ఆ మాట గదిలో ఎవరికీ వెంటనే ఎక్కలేదు. ముందుగా తేరుకున్నది ఇన్‌స్పెక్టరు. "ఈ గొంతు అండీగారిది కాదమ్మా."

"అండీగారి గొంతు మీ స్టేషనుది. ఇది మా ఇంటిది" అందామె. "కోపమొస్తే పది దాకా లెక్కపెట్టుకోమని డాక్టరు చెప్పాడు. పేపరు అడ్డం పెట్టుకుని లెక్కపెడతారు. పది దాకా వెళ్ళిన రోజు నాకు తెలీదు. ఏడు దగ్గర ఏదో ఒకటి అంటారు. అన్నారంటే అనలేదంటారు. ఇరవై రెండేళ్ళు."

"నేనెప్పుడన్నానే?" అన్నారు అండీగారు. "ఎవరినైనా ఒక్క మాట అనగా చూశావా? నువ్వు… వీళ్ళందరి ముందు…" ఆయన ఆగిపోయారు. పెదవులు బిగించుకుని, అందరి వైపూ చూసి, అలవాటైన చిరునవ్వు నవ్వారు.

కెమెరాల అమ్మాయి ఆయన ఛాతీ మీది ఎర్ర దీపం వైపు చూస్తోంది. "సార్, ఒక్క నిమిషం ఇస్తారా అది?" అంది. కెమెరా తీసుకుని వైరు తగిలించి, చివరి రెండు నిమిషాలు వెనక్కి జరిపి, సౌండు పెంచింది.

తెర మీద అండీగారి భార్య. వెనక లైబ్రరీ గోడ. "వీళ్ళందరి ముందు…" అంటోంది అండీగారి మంచి గొంతు. ఆ తర్వాత ఊపిరి. ఈసారి అందరికీ అది ఎంత దగ్గరనుంచి వస్తోందో తెలిసింది. "ఒకటి… రెండు… మూడు… ఇంటికి పద. ఇంటికి పదవే, చెప్తా."

"కెమెరాకి అందరూ కనిపిస్తారు సార్" అంది ఆ అమ్మాయి మెల్లిగా. "తగిలించుకున్న మనిషి ఒక్కడే కనిపించడు."

అండీగారు తన చేతిని తన నోటి మీద పెట్టుకున్నారు, అది అక్కడ ఉందో లేదో చూసుకుంటున్నట్టు. అందరి వైపూ కాక భార్య వైపు చూశారు. వారం రోజులు వీధి వీధినా ఎవరి ఊపిరికి వెనక్కి తిరిగి చూశారో ఆయనకి ఇప్పుడు తెలిసింది. భయం పోతుందనుకుంటే పోలేదు. ఇంకా దగ్గరికి వచ్చింది.

"నువ్వు… భయపడ్డావా?" అన్నారు.

"మొదటి రెండేళ్ళు" అందామె. "తర్వాత అలవాటైంది. కాకుండా ఉండాల్సింది."

అండీగారు లేచి గడియారాల పెద్దాయన కుర్చీ ముందుకు వెళ్ళారు. ఏం చెప్పాలో ఇస్త్రీ చేసుకుని రాలేదు. "అన్నాను" అన్నారు. "నాకు తెలీదు. కానీ అన్నాను. అనకూడదు."

పెద్దాయన ఆయన్ని కంటికి అద్దం పెట్టి గడియారాన్ని చూసినట్టు చూశాడు. "ఆ రోజు మీరు గట్టిగా అరిచుంటే నేనూ అరిచేవాణ్ణి. సరిపోయేది. అంత నెమ్మదిగా అన్నారు చూడండి, అదీ నాకు పట్టుకుంది." "బీరువా లోపలికి జరుపుతాలెండి. ఆదివారం" అన్నాడు.

అండీగారు పెదవులు బిగించుకున్నారు. అందరూ ఆయన నోటి వైపే చూస్తున్నారు. ఆయన ఈసారి పైకే, అందరికీ వినపడేట్టు లెక్కపెట్టారు. పది దాకా వెళ్ళారు. "అలాగేనండీ" అన్నారు.

సంఘం నిర్ణయం అరపేజీలో అయిపోయింది. ఫిర్యాదు నిజం. హెడ్ కానిస్టేబులుకు లిఖితపూర్వకంగా హెచ్చరిక. వారానికి ఒక గంట తన రికార్డు తానే కూర్చుని వినాలి. గుర్తు తెలియని వ్యక్తి మీద కేసు మూసెయ్యాలి. వంటింట్లోంచి కానిస్టేబుళ్ళు లేవాలి. కెమెరాలు ఉంటాయి. మందుల షాపాయన చెయ్యి అందరికన్నా ముందు లేచింది.

"మరి నా గదిలో అన్న మాట?" ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు. "'వీడికి బుద్ధి రాదు' అన్నాడు. దాని మీద చర్య ఉండదా?"

పెద్ద టీచరమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. "అందులో బెదిరింపు లేదు కదండీ. అభిప్రాయం ఉంది. అభిప్రాయాలు మా పరిధిలోకి రావు."

మర్నాడు ఉదయం స్టేషనులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. కెమెరాలు తగిలించుకుని, తల తిప్పకుండా, తమ గుండెల దగ్గరినుంచి ఏమైనా వస్తోందేమోనని చెవి ఒగ్గి కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఒక వినతిపత్రం తయారైంది. కెమెరాల మీద సిబ్బందికి ఏ అభ్యంతరమూ లేదనీ, వాటిలోని మైకులు మాత్రం వెంటనే తీసెయ్యాలనీ దాని సారాంశం. మొదటి సంతకం ఇన్‌స్పెక్టరుది. కింద పద్దెనిమిది సంతకాలున్నాయి. అండీగారిది లేదు.

ఆ కాగితం తన ముందు పెట్టినప్పుడు ఆయన ఏమన్నారో, ఏ గొంతుతో అన్నారో రికార్డులో ఉంది.